ఇంటికి గ్రాంటు ఉంది, ఇల్లు కట్టే సంఘానికి లేదు

శ్రీపెరుంబుదూరు పక్కన వల్లం వడగాల్‌లో 2024 ఆగస్టులో ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం భారీ హాస్టల్ సముదాయం తెరిచారు. 18,720 పడకలు, ముఖ్యంగా ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ కంపెనీలో పనిచేసే ఆడవాళ్ల కోసం. కట్టించింది తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్. ఖర్చు సుమారు 706 కోట్ల రూపాయలు. అందులో స్టేట్ బ్యాంకు అప్పు 498 కోట్లు, కేంద్రం గ్రాంటు 37.44 కోట్లు. పడకకు 20 వేలన్నమాట. మొత్తం ఖర్చులో అయిదు శాతానికి కాస్త పైన.

అంత చిన్న గ్రాంటుతో అంత పెద్ద పని ఎలా జరిగిందంటే, మిగతావన్నీ ముందే అమరి ఉన్నాయి. సిప్‌కాట్‌కు సొంత భూమి ఉంది. వెనకాల ప్రభుత్వం ఉంది కాబట్టి బ్యాంకు భయపడదు. ఇంజినీర్లు, అకౌంటెంట్లు, లాయర్లు ముందునుంచే జీతాల మీద ఉన్నారు. పడకలు నింపే కంపెనీ కూడా సిద్ధంగా ఉంది.

అదే పడకకు 20 వేల గ్రాంటును వ్యాసర్‌పాడిలోనో పుళియంతోప్పులోనో ఉన్న పారిశుధ్య కార్మికుల సంఘానికి ఇస్తామన్నారనుకోండి. చెన్నై వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా చాలా ఉన్నాయి. వాళ్లకు సంఘాలూ ఉన్నాయి, నాయకులూ ఉన్నారు. అయినా ఆ డబ్బుతో ఒక్క ఇటుక లేవదు. గ్రాంటు అందుకోవాలంటే ముందు ఉండాల్సిన భూమి, కాగితాలు, లెక్కలు, మనుషులు వాళ్ల దగ్గర ఉండవు. వాటిని సమకూర్చుకోవడానికి డబ్బిచ్చే పథకం మన దగ్గర లేదు. పేదల సంఘాలు సొంతంగా ఇళ్లు కట్టే స్థాయికి ఎందుకు ఎదగడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

లాభం చూసుకోకుండా తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టి, అద్దెకిచ్చి, ఆ ఇళ్లను దశాబ్దాల తరబడి చూసుకునే సంస్థలను బ్రిటన్‌లో హౌసింగ్ అసోసియేషన్లంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కమ్యూనిటీ హౌసింగ్ ప్రొవైడర్లంటారు. వీటిలో చర్చి ట్రస్టులున్నాయి, అద్దెదార్ల సహకార సంఘాలున్నాయి, వందేళ్ల నాటి ధర్మసంస్థలున్నాయి. ప్రభుత్వ శాఖకూ ప్రైవేటు బిల్డర్‌కూ మధ్య ఉండే మూడో రకం ఇది. మన దేశంలో ఈ మూడో రకం బొత్తిగా లేదనలేం. హౌసింగ్ సొసైటీల చరిత్ర 1909లో బెంగళూరు బిల్డింగ్ కోఆపరేటివ్ సొసైటీతోనే మొదలైందంటారు. కానీ మన సొసైటీలు ఎక్కువగా జీతగాళ్లు ప్లాట్లు పంచుకోవడానికి పెట్టుకున్నవి. పంచుకోవడం అయిపోగానే వాటి పని అయిపోతుంది. పేదల కోసం కట్టి, కట్టినవాటిని నిలబెట్టి, ఆ బలంతో మళ్లీ కట్టే సంస్థలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంగ్లండ్‌లో అవి ఎలా పెరిగాయో చూస్తే గ్రాంటు చేసే అసలు పని అర్థమవుతుంది. 1964లో అసోసియేషన్లకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థగా హౌసింగ్ కార్పొరేషన్ పెట్టారు. 1974 చట్టం హౌసింగ్ అసోసియేషన్లకు భారీ గ్రాంటు తెచ్చింది. ఇంటి ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించేది. పద్నాలుగేళ్ల పాటు అలా నడిచింది. ఆ కాలంలో అసోసియేషన్ల చేతిలో అప్పు భారం పెద్దగా లేని ఇళ్లు పోగుపడ్డాయి. 1988 చట్టం వచ్చి, ఇక గ్రాంటు తగ్గుతుంది, మిగతాది బ్యాంకుల దగ్గర తెచ్చుకోండి అన్నప్పుడు, తాకట్టు పెట్టడానికి వాళ్లకు ఆస్తి ఉంది, నెలనెలా వచ్చే అద్దె ఉంది. బ్యాంకులు అప్పిచ్చాయి. మొదట పెద్ద గ్రాంటు, తర్వాత చిన్న గ్రాంటు ప్లస్ అప్పు అన్న ఈ వరస చాలా ముఖ్యం. మన దగ్గర ప్లానింగ్ చేసేవాళ్లు రెండో మెట్టు దగ్గరే మొదలుపెట్టాలని చూస్తుంటారు.

చెన్నై తెలుగువాళ్లకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు. జార్జ్‌టౌన్ కన్యకా పరమేశ్వరి దేవస్థానం బడులూ కాలేజీ నడుపుతోందంటే, ఏటా చందాలు అడుక్కుని కాదు. కొత్వాల్ చావడి మార్కెట్ లాంటి ఆస్తి ఆ సంస్థకు అండగా ఉంది. కూరగాయల టోకు వ్యాపారం 1996లో కోయంబేడుకు వెళ్లిపోయినా సంస్థ నిలిచింది. పూర్వం గుడికి మాన్యం రాసేవాళ్లు ఎందుకు రాసేవాళ్లో, హౌసింగ్ అసోసియేషన్‌కు మొదటి పెద్ద గ్రాంటు ఎందుకిస్తారో రెండూ ఒకటే. ఖర్చయిపోయే డబ్బు సంస్థను ఒక ఏడాది నడుపుతుంది. ఆస్తిగా మారిన డబ్బు సంస్థను తరాల పాటు నడుపుతుంది.

గ్రాంటు తగ్గితే ఏమవుతుందో కూడా ఇంగ్లండే చూపించింది. 2010లో వచ్చిన ప్రభుత్వం కొత్త ఇళ్ల గ్రాంటును సగానికి పైగా కోసేసింది. దానికి బదులు, మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా వసూలు చేసుకోండని అసోసియేషన్లకు అనుమతిచ్చింది. దానికి ‘అందుబాటు అద్దె’ అని పేరు కూడా పెట్టారు. లండన్‌లో మార్కెట్ అద్దెలో 80 శాతం ఎవరికి అందుబాటో పేరు పెట్టినవాళ్లకే తెలియాలి. గ్రాంటులో తగ్గిన ప్రతి పౌండూ ఎవరో ఒకరి అద్దెలోంచి రావాలి.

న్యూజిలాండ్ దారి వేరు. అక్కడ అద్దెదారు తన ఆదాయంలో దాదాపు నాలుగో వంతు కడతాడు. మార్కెట్ అద్దెకూ దానికీ మధ్య తేడాను ప్రభుత్వం నేరుగా సంస్థకు చెల్లిస్తుంది. 2014 దాకా ఇది ప్రభుత్వ ఇళ్లకే ఉండేది. ఆ ఏడాది నుంచి రిజిస్టరైన కమ్యూనిటీ సంస్థలకూ ఇచ్చారు. ప్రతి నెలా కచ్చితంగా వచ్చే ఆదాయాన్ని చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. అయితే అద్దె రావడానికి ముందు ఇల్లు కట్టాలి కదా, ఆ డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న చిన్న సంస్థలను వదల్లేదు. నెలనెలా ఇచ్చే సాయం పెద్ద సంస్థలను ఇంకా పెద్దవి చేస్తుంది. కొత్త సంస్థను పుట్టించాలంటే మొదట్లో ఇచ్చే మొత్తం కావాలి.

ఆస్ట్రేలియా మూడో దారి పట్టింది. చిన్న సంస్థలు విడివిడిగా బ్యాంకు చుట్టూ తిరిగితే వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. అందుకని 2018లో ఒక ప్రభుత్వ ఫైనాన్స్ సంస్థ పెట్టి, అందరి అవసరాన్నీ కలిపి ఒకే బాండుగా మార్కెట్లో అమ్మడం మొదలుపెట్టారు. 2019 మార్చిలో వచ్చిన మొదటి బాండు 31.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లది. ఇప్పుడు ఆ సంస్థ పేరు హౌసింగ్ ఆస్ట్రేలియా. దాంతోపాటు 15 లక్షల డాలర్లతో ఒక చిన్న పథకం పెట్టారు. ప్రాజెక్టు లెక్కలు వేయించుకోవడానికి, ప్లానింగ్‌కు, రిస్కు అంచనాకు కన్సల్టెంట్ల ఫీజు కట్టుకోవడానికి కమ్యూనిటీ సంస్థలకు ఇచ్చే గ్రాంటు అది. బాండు పక్కన ఈ మొత్తం ఆవగింజంత. కానీ బాండు డబ్బు అందుకోగల సంస్థలు తయారవ్వాలంటే ఇదీ ఉండాల్సిందే.

ఇక చెన్నై లెక్కకు వద్దాం. అంకెలు ఊహించినవే, అయితే అసాధ్యమైనవి కావు. నలభై కుటుంబాల సంఘం ఒకటి ఉంది. భూమి ఎలాగో దొరికింది. ఇల్లొక్కటికి కట్టుబడి ఖర్చు 12 లక్షలు, మొత్తం 4.8 కోట్లు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో భాగస్వామ్య ప్రాజెక్టుకు కేంద్రం ఇంటికి లక్షన్నర ఇచ్చేది. రాష్ట్రం వాటా పక్కన పెడితే ఇంటికి పదిన్నర లక్షలు అప్పు తేవాలి. 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అయితే నెలకు దాదాపు 9,450 రూపాయలు కట్టాలి. కాంట్రాక్టు మీద ఊడ్చే పని చేసే ఇంటికి అది మోయలేని భారం.

దీన్ని రెండు రకాలుగా తగ్గించొచ్చు. గ్రాంటును నాలుగు లక్షలకు పెంచితే అప్పు ఎనిమిది లక్షలవుతుంది, వాయిదా 7,200కు దిగుతుంది. లేదా గ్రాంటు లక్షన్నరే ఉంచి, వడ్డీని 6 శాతానికి తగ్గిస్తే వాయిదా 7,520 దగ్గర ఆగుతుంది. ఇంచుమించు ఒకే ఫలితం. ఇంటి గ్రాంటు గురించి ప్రభుత్వాలు ఎంత మాట్లాడినా, చవక వడ్డీతో సుదీర్ఘకాలం అప్పిచ్చే ఏర్పాటు గ్రాంటుకు ఏమాత్రం తీసిపోదు. ఆస్ట్రేలియా బాండు వెనక ఉన్న లెక్క ఇదే.

ఈ లెక్కలో కనబడని ఖర్చు ఇంకోటి ఉంది. భూమి సర్వే, ఈసీ (భూమి మీద పాత తాకట్టులూ లావాదేవీలూ చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, మట్టి పరీక్ష, ఆర్కిటెక్ట్ డ్రాయింగులు, ప్లానింగ్ పర్మిషన్ ఫీజులు, లాయర్ ఒపీనియన్. వీటికి అయిదు శాతం వేసుకున్నా 24 లక్షలు. ఇదంతా బ్యాంకు అప్పు మంజూరు కాకముందే చేతి నుంచి పెట్టాలి. పర్మిషన్ చేతికొచ్చాకే బ్యాంకు మాట్లాడుతుంది, అప్పు వచ్చాకే గ్రాంటు కదులుతుంది, పునాది పడ్డాకే మొదటి విడత పడుతుంది. పర్మిషన్ రాకపోతే ఆ 24 లక్షలు మునిగినట్టే. బిల్డర్ అయితే పది ప్రాజెక్టుల్లో ఒకటి పోయినా తట్టుకుంటాడు. నలభై కుటుంబాల సంఘానికి ఉన్నదే ఒక్క ప్రాజెక్టు. సంఘాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. కుట్రలు, వెన్నుపోట్లు వెతకాల్సిన పనిలేదు, తొలి ఖర్చుకు డబ్బు ఉండదు, అంతే.

ఇంగ్లండ్ ప్రభుత్వం 2018లో 16.3 కోట్ల పౌండ్లతో తెచ్చిన కమ్యూనిటీ హౌసింగ్ ఫండ్ సరిగ్గా ఈ గుంతను పూడ్చడానికే. అందులో ఒక భాగం కట్టుబడికి, ఇంకో భాగం ముందు ఖర్చులకు. ఊళ్లలో చిన్న సంఘాలకు సలహా చెప్పే కేంద్రాలకు కూడా డబ్బిచ్చారు. లండన్ బయట ఆ ఫండ్ 2020 మార్చికల్లా మూతపడింది. స్థలం వెతికి, పర్మిషన్ తెచ్చుకునేసరికి మూడు నాలుగేళ్లు పట్టే పనికి రెండేళ్ల ఫండ్! ముందు ఖర్చుల గ్రాంటుతో కాగితాలన్నీ సిద్ధం చేసుకున్న సంఘాలు కట్టుబడి గ్రాంటు వేళకు తలుపు మూసి ఉండడం చూశాయి. పథకం గడువు పని గడువుకు తగ్గట్టు ఉండాలన్న చిన్న విషయం ఏ ప్రభుత్వానికీ ఒక పట్టాన ఎక్కదు.

ఈ విషయంలో ఎక్కువ తెలివి చూపించింది థాయ్‌లాండ్. 2003లో మొదలైన బాన్ మంకాంగ్ పథకంలో ప్రభుత్వం బస్తీలను తాను బాగుచేయదు. డబ్బును సంఘానికే ఇస్తుంది. సంఘం ముందు పొదుపు చేసి చూపించాలి. రోడ్డు, డ్రైనేజీ, నీటి పనులకు సబ్సిడీ వస్తుంది, ఇళ్లకు చవక వడ్డీతో అప్పు సంఘం పేరునే వస్తుంది. ఆ సబ్సిడీ మీద మరో అయిదు శాతం విడిగా ఉంటుంది. సంఘం తనకు తోడుగా ఎంచుకున్న సంస్థకు, అది ఎన్జీవో కావచ్చు, ఆర్కిటెక్టుల బృందం కావచ్చు, ఆ డబ్బు వెళ్తుంది.

మన ఆవాస్ యోజనలోనూ అయిదు శాతం ఉంది. సామర్థ్యం పెంచడానికి, ప్రచారానికి, పరిపాలన ఖర్చులకు కలిపి కేటాయింపులో అంత విడిగా ఉంచమని మార్గదర్శకాలు చెప్పాయి. ఆ డబ్బు రాష్ట్రాలకు, నగరపాలక సంస్థలకు, వాటి టెక్నికల్ సెల్స్‌కు, శిక్షణ తరగతులకు వెళ్తుంది. శాతం ఒకటే. థాయ్‌లాండ్‌లో దాన్ని ఎవరికివ్వాలో బస్తీ నిర్ణయిస్తుంది, ఇక్కడ ఆఫీసు నిర్ణయిస్తుంది. సామర్థ్యం పెరిగేది ఎవరిదో అక్కడే తేలిపోతుంది.

మన దేశంలో ఇది కుదరదనుకునేవాళ్లు మహారాష్ట్రలోని సోలాపూర్ చూడాలి. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద. ఆ బీడీ కార్మిక మహిళలు సహకార సంఘం పెట్టుకుని కుంభారి దగ్గర పదివేల ఇళ్లు కట్టుకున్నారు. సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం దానికి ముందు నిలిచారు. ఇంటికి కేంద్రం 20 వేలు, రాష్ట్రం 20 వేలు, కార్మికురాలు 20 వేలు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఇళ్లు అప్పగించారు. కథ అక్కడితో ముగియలేదు. అదే మనుషులు, అదే అనుభవం మీద, అసంఘటిత కార్మికుల కోసం రాయ్‌నగర్ పేరుతో ఆవాస్ యోజన కింద 30 వేల ఇళ్ల ప్రాజెక్టు తలపెట్టారు. 2024 జనవరిలో ప్రధాని మోదీ వాటిలో 15 వేలు అప్పగించారు. రెండు వేర్వేరు పార్టీల ప్రధానులు, ఇద్దరి పార్టీలకూ చెందని కమ్యూనిస్టు నాయకత్వం, ఒకే యూనియన్. పదివేల నుంచి ముప్పైవేలకు ఎదగడమంటే ఇదీ.

ఇక్కడ తొలి ఖర్చులు భరించింది ఏ గ్రాంటూ కాదు, కార్మిక సంఘం. ఢిల్లీ, ముంబయి చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన తిరుగుడుకు, సభ్యుల జాబితాలు రాసినవాళ్లకు, వాయిదాలు వసూలు చేసినవాళ్లకు యూనియన్ నిర్మాణం ముందే ఉంది. వేలమంది ఒకే వృత్తిలో ఉన్నారు, ఒకే ఊళ్లో ఉన్నారు, దశాబ్దాల పోరాటాల నమ్మకం ఉంది. సోలాపూర్ విజయాన్ని చూసి, చూశారా, ప్రత్యేకంగా సంస్థకు గ్రాంటు అక్కర్లేదని వాదించేవాళ్లుంటారు. నిజానికి అది తిరగేసి చదవాల్సిన ఉదాహరణ. అంత బలమైన యూనియన్ ఉన్న చోటే జరిగింది, లేని ఊళ్లలో జరగలేదు. యూనియన్ చేసిన పనికి విలువ కట్టి, ఆ మేరకు మిగతా సంఘాలకు ఇవ్వగలిగితే ఇంకెన్ని సోలాపూర్లు వస్తాయన్నది అడగాల్సిన ప్రశ్న.

సంఘాన్ని నిలబెట్టడానికి డబ్బివ్వడం మన ప్రభుత్వాలకు చేతకాదనీ కాదు. డ్వాక్రా అనగానే అప్పులు, వడ్డీ రాయితీలు గుర్తొస్తాయి. కానీ 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు పథకం మొదలయ్యాక ఊరి సంఘం, దానిపైన మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య నిలబడ్డాయంటే పుస్తకాలు రాసే మనిషికి, ఊళ్లు తిరిగే కార్యకర్తకు, శిక్షణలకు ప్రాజెక్టు డబ్బు పెట్టింది కాబట్టే. ఆ పునాది మీదే 2011లో ఆ సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి వచ్చింది. పట్టణాల్లో కేంద్రం జీవనోపాధి మిషన్ కింద పొదుపు సంఘానికి పదివేలు, ఏరియా సమాఖ్యకు 50 వేలు రివాల్వింగ్ ఫండ్ (సభ్యులు తీసుకుని, తిరిగి కట్టి, మళ్లీ వాడుకునే నిధి) ఇచ్చేవారు. తమిళనాడులో మహిళా సంఘాల పథకం మహళిర్ తిట్టం 1997 నుంచీ ఇదే దారిలో నడిచింది. పొదుపుకు సంఘం కావాలని ఒప్పుకున్న ప్రభుత్వం, ఇంటి దగ్గరికొచ్చేసరికి లబ్ధిదారుల జాబితా చాలనుకుంటుంది. ఇల్లు అప్పులన్నిటికన్నా పెద్ద అప్పు, పొదుపులన్నిటికన్నా పెద్ద పొదుపు అయినా సరే.

చెన్నైలో పేదల ఇళ్ల కథ అంతా బోర్డు కథ. 1970లో మురికివాడల నిర్మూలన బోర్డుగా పుట్టి, 2021లో పట్టణ నివాస అభివృద్ధి బోర్డుగా పేరు మార్చుకుంది. బోర్డు కట్టిన ఇళ్ల సంఖ్య చిన్నదేమీ కాదు. కణ్ణగి నగర్‌లో 15 వేలకు పైగా, పెరుంబాక్కంలో దాదాపు 20 వేలు. 2015 వరదల తర్వాత కూవం, అడయారు నదుల ఒడ్డున ఉన్న కుటుంబాలను పెద్ద ఎత్తున పెరుంబాక్కం తరలించారు. ఇల్లు దొరికింది, పని దూరమైంది. నగరం నడిమధ్య ఇళ్లల్లో పాచిపని చేసే మనిషి పాతిక కిలోమీటర్ల అవతల ఎనిమిదో అంతస్తులో పక్కా ఇంట్లో ఉండి ఏం చేస్తుంది? ఈ తరలింపుల మీద చెన్నైలో ఇరవై ఏళ్లుగా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. వాటిని మళ్లీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఈ వ్యాసానికి కావాల్సింది ఒక్కటే: అన్ని వేల ఇళ్లు కట్టినా, వాటిలో ఉండేవాళ్ల చేతిలో కట్టడం తెలిసిన సంస్థ ఒక్కటీ మిగల్లేదు.

2021లో పుళియంతోప్పు కేపీ పార్కు టవర్లలో గోడను చేత్తో రాస్తే ప్లాస్టరు రాలుతోందని రచ్చ జరిగింది. ఐఐటీ నిపుణులు వచ్చి తనిఖీ చేశారు. కట్టేటప్పుడే ఆ గోడను రోజూ చూసి అడిగే హక్కు అందులోకి వెళ్లబోయే కుటుంబాలకు ఉండి ఉంటే సంగతి వేరేగా ఉండేది. తమ డబ్బు పోసి కట్టుకునే ఇంటి దగ్గర నీళ్లు సరిగ్గా కొట్టారా లేదా అని ఎవరైనా చూస్తారు.

ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం ‘నమ్ కుడియిరుప్పు నమ్ పొఱుప్పు’ అని ఒక పథకం తెచ్చింది. మన నివాసం, మన బాధ్యత అని. బోర్డు కట్టిన సముదాయాల్లో నివాసితుల సంఘాలు ఏర్పడాలి, మెయింటెనెన్స్ డబ్బు వసూలు చేయాలి, వాళ్లు పోగుచేసినంతకు ప్రభుత్వం అంతే కలుపుతుంది. సంఘానికి నేరుగా గ్రాంటు వచ్చే మార్గం చెన్నైలో ఏదైనా ఉందంటే ప్రస్తుతానికి ఇదే. దీనిలోని మంచి, చెడు రెండూ గమనించాలి. డబ్బు మీద నిర్ణయం సంఘానికి వస్తుంది, లెక్కలు రాయడం అలవాటవుతుంది. ఇది మంచి. కానీ సమాన వాటా అన్నది వినడానికి న్యాయంగా ఉన్నా, కట్టగలిగిన బ్లాకుకే ఎక్కువ వస్తుంది. లిఫ్ట్ చెడిపోయి, పనులు దొరక్క, వాయిదాలు బాకీపడ్డ బ్లాకు ఏమీ పోగుచేయలేదు. దానికి వచ్చే గ్రాంటూ సున్నా. అసలు లోపం లిఫ్ట్ అవసరమయ్యే ఎత్తులో కట్టడంలో ఉంటే, దాని బిల్లు ఆ నిర్ణయంలో పాలు లేనివాళ్ల మెడకు చుట్టుకుంది. ఆరంభంలో కొన్నేళ్ల పాటు వసూలుతో సంబంధం లేకుండా కొంత మొత్తం ఇచ్చి, తర్వాత సమాన వాటాకు మారితే న్యాయంగా ఉంటుంది.

సర్కారు డబ్బు కాకపోతే దాతల డబ్బు ఉంది కదా అనొచ్చు. దానికి చట్టాల చిక్కులున్నాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ రెండు పనులు చేసింది. పాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదంది. పెద్ద ఎన్జీవో విదేశీ నిధి తెచ్చి పది బస్తీ సంఘాలకు పంచే పద్ధతి దాంతో ఆగిపోయింది. ముంబయిలో స్పార్క్ లాంటి సంస్థలు బ్రిటన్, స్వీడన్ ప్రభుత్వాల సాయంతో 2002 నుంచి నడిపిన క్లిఫ్ నిధి, బ్యాంకు అప్పు వచ్చేలోగా సంఘాలకు చేబదులు ఇచ్చి, తిరిగి తీసుకుని, మళ్లీ ఇంకో సంఘానికి ఇచ్చేది. అలాంటిది ఇవాళ కొత్తగా పుట్టాలంటే స్వదేశీ డబ్బుతోనే పుట్టాలి.

స్వదేశీ డబ్బంటే కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాలి. మురికివాడల అభివృద్ధి ఆ జాబితాలో ఉంది. 2021 నిబంధనల్లో ఒక ఉపయోగకరమైన మార్పు వచ్చింది. సీఎస్ఆర్ డబ్బుతో ఏర్పడిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు, రిజిస్టరైన ట్రస్టు, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ, లబ్ధిదారుల సంఘం లేదా ప్రభుత్వ సంస్థ పేరున ఉండాలి. అంటే సంఘం పేరున ఆస్తి ఏర్పడే దారి చట్టంలోనే ఉంది. చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) పొడుగునా ఐటీ కంపెనీలున్నాయి, ఆ రోడ్డుకు ఆనుకునే కణ్ణగి నగర్ ఉంది. కానీ కంపెనీలకు మార్చి నెలాఖరుకల్లా ఫొటో తీయదగ్గ పని కావాలి. భూమి కాగితాల లాయరు ఫీజును ఎవరు ఫొటో తీస్తారు?

గ్రాంటు ఇస్తే చాలు, సంఘాలు పెరుగుతాయి, అంతా బాగుంటుందనుకుంటే పొరపాటు. ఇంగ్లండ్‌లో 2016లో రెండు సంస్థలు కలిసి ఏర్పడ్డ క్లారియన్ చేతిలో లక్షా పాతికవేల ఇళ్లున్నాయి. అంత పెద్ద సంస్థకు ఫోన్ చేసి కుళాయి కారుతోందని చెప్పడం మునిసిపల్ ఆఫీసుకు అర్జీ పెట్టడం కన్నా సులువేం కాదు. అక్కడే రాచ్‌డేల్ అనే ఊళ్లో అద్దెదార్లూ ఉద్యోగులూ కలిసి యజమానులైన సంస్థ ఉంది. కాగితం మీద అంతకన్నా ప్రజాస్వామికమైనది దొరకదు. 2020 డిసెంబరులో ఆ సంస్థ ఫ్లాట్‌లో గోడల బూజు వల్ల ఊపిరి అందక రెండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. తల్లిదండ్రులు అంతకుముందే చాలాసార్లు ఫిర్యాదు చేశారు. 2023లో ఇంగ్లండ్ చట్టం మార్చి, ఇలాంటి ఫిర్యాదులకు గడువులు పెట్టాల్సి వచ్చింది. సంఘం పేరులో సభ్యులున్నంత మాత్రాన పనిలో ఉన్నట్టు కాదు.

మన దగ్గర ప్రమాదం ఇంకో రూపంలో ఉంటుంది. సంఘం ప్రెసిడెంటే కాంట్రాక్టర్ అయిపోవడం, జాబితాలో పేరు చేర్చడానికి డబ్బు అడగడం, ఆడిట్ అంటే ఏటా ఒకసారి సంతకం పెట్టించడం. ఆస్ట్రేలియా 2014 నుంచి కమ్యూనిటీ సంస్థలను మూడు స్థాయులుగా విడదీసి నియంత్రిస్తోంది. ఎక్కువ రిస్కు ఉన్న పెద్ద సంస్థకు కఠినమైన నిఘా, చిన్నదానికి తేలికైన నిఘా. అది మనకు బాగా సరిపోయే ఆలోచన. నలభై ఇళ్ల సంఘం మీద వెయ్యి ఇళ్ల సంస్థకు పెట్టే ఫారాలన్నీ పెడితే సంఘం ఫారాలు నింపేవాడి చేతిలోకి వెళ్లిపోతుంది. ఏ ఫారమూ లేకపోతే ప్రెసిడెంటు చేతిలోకి వెళ్తుంది.

చెన్నైలో మొదలుపెట్టడానికి అనువైన చోటు కొత్త కాలనీలు కావు, బోర్డు కూలగొట్టి అక్కడే మళ్లీ కడుతున్న పాత బ్లాకులు. అక్కడ భూమి సమస్య లేదు, మనుషులు ఒకరికొకరు తెలుసు, పని దగ్గరే. కట్టే రెండు మూడేళ్లు బయట అద్దెకుండడానికి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని ప్రభుత్వం 8 వేల నుంచి 24 వేలకు పెంచింది. నగరం నడిబొడ్డున ఆ డబ్బు ఎన్ని నెలల అద్దెకు వస్తుందో చెన్నైలో ఇల్లు వెతికినవాళ్లెవరైనా చెప్పగలరు. ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం ఆ బ్లాకు సంఘానికి కేటాయించి, వాళ్లు ఎంచుకున్న ఇంజినీరుకూ లెక్కలు రాసే మనిషికీ జీతం ఇవ్వొచ్చు. డిజైన్ దగ్గర్నుంచి ఆ ఇద్దరూ సంఘం తరఫున కూర్చుంటారు. కట్టుబడి అయ్యాక మెయింటెనెన్స్ బాధ్యత ఆ సంఘానికే, అప్పటికి అది లెక్కలు తెలిసిన సంఘం అయి ఉంటుంది. అలాంటివి పది నడిచాక వాటిలో రెండు మూడు పక్క బస్తీలో సొంతంగా కట్టే ధైర్యం చేయొచ్చు. ఎదుగుదల అంటే అంత నెమ్మదిగానే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది పట్టా ఎవరి పేరున అన్నది. విడివిడిగా రాసిస్తే, పిల్ల పెళ్లికో ఆస్పత్రి బిల్లుకో ఇల్లు చేతులు మారుతుంది. పదేళ్లలో సంఘం సభ్యులు ఒకచోట, ఇళ్ల యజమానులు ఇంకోచోట. అంతా సంఘం పేరునే ఉంచితే, రేపు కాళ్ల కింద నేల ఎవరిదన్న భయం కుటుంబానికి ఉంటుంది. మూడు తరాలుగా పట్టా కోసం తిరిగినవాళ్లకు ఆ భయం అర్థంలేనిది కాదు. థాయ్‌లాండ్ చాలాచోట్ల భూమిని సహకార సంఘం పేరున దీర్ఘకాలం లీజుకు ఇచ్చింది. ఇంటి మీద హక్కు కుటుంబానికి, నేల మీద హక్కు సంఘానికి. వదిలి వెళ్లాలంటే సంఘానికే అమ్మాలి. తమిళనాడు బోర్డు దగ్గర భూమి ఇంకా చాలావరకు బోర్డు పేరునే ఉంది కాబట్టి, ఇలాంటి లీజుకు కొత్త భూసేకరణ అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు లేకుండా ఇచ్చే ఏ గ్రాంటైనా బోర్డు ఆస్తిలోనే కలిసిపోతుంది.